బస్సు ఇంటికి రూఫ్ ఫ్యాన్లు: రేకు కోత నుంచి గాలి దారి దాకా

ఇంటిగా మార్చిన బస్సు ఇది. లోపల పొడవు 7.6 మీటర్లు, వెడల్పు 2.3, ఎత్తు 1.85. అంటే పట్టే గాలి సుమారు 32 ఘనపు మీటర్లు. మంచం వెనక, వంట మధ్యలో, డ్రైవర్ సీటు ముందు. పైకప్పు రెండు పొరల రేకు, మధ్యలో పాత ఇన్సులేషన్. బిగించినవి 12 వోల్టుల వెంట్ ఫ్యాన్లు రెండు, 14 అంగుళాల చదరపు రంధ్రంలో కూర్చునే రకం. ఎవరైనా ఇదే పని మొదలుపెడితే నేరుగా వాడుకునేలా కొలతలన్నీ రాస్తున్నాను. పనిచేయని పద్ధతులను వదిలేయలేదు, ఎక్కువ సమయం పట్టింది వాటి దగ్గరే.

ముందు కొలతలు

రేకు కోయకముందే ఎండలో బస్సు ఎంత వేడెక్కుతోందో రాసి పెట్టుకోవాలి. లేదంటే తర్వాత ఏ మార్పు వల్ల ఎంత తగ్గిందో తేలదు. మామూలు థర్మామీటర్లు మూడు, రేకు వేడి చూడటానికి ఇన్‌ఫ్రారెడ్ గన్ ఒకటి, గాలి వేగం కొలిచే చేతి మీటరు ఒకటి వాడాను.

ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో ఒక జాగ్రత్త. మెరిసే రేకు మీద అది తప్పు చూపిస్తుంది, అసలు వేడి కంటే బాగా తక్కువ అంకె వస్తుంది. కొలిచే ప్రతి చోటా నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, టేపు వేడెక్కాక దాని మీద కొలిచాను. అన్ని రీడింగులూ మధ్యాహ్నం ఒకే సమయంలో, బస్సు ఒకే వైపు తిరిగి ఉండగా తీసినవే.

- బయట నీడలో గాలి: 36 డిగ్రీలు
- పైకప్పు బయటి రేకు: 64
- లోపలి సీలింగ్ రేకు: 51
- సీలింగ్ కింద గాలి: 47
- మంచం ఎత్తులో గాలి: 43

సీలింగ్ కింద గాలికీ మంచం ఎత్తులో గాలికీ 4 డిగ్రీల తేడా ఉంది. వేడి గాలి పైన చేరి ఉంటోంది కాబట్టి దాన్ని పైనుంచే లాగేయాలి. ఇంకోటి, ఫ్యాన్ ఎంత పెద్దదైనా లోపలి గాలిని 36 కంటే కిందికి దించలేదు. బయటి గాలిని లోపలికి రప్పించడమే దాని పని. అసలు లక్ష్యం ఆ 36కు ఎంత దగ్గరగా వెళ్లగలమనేది.

మొదటి దశ: చోటు

వెనక ఫ్యాన్ మంచం తల దగ్గర, ముందు ఫ్యాన్ వంట పొయ్యికి కాస్త ముందు. ఈ రెండు చోట్లూ కాగితం మీద తేలిగ్గానే ఖాయమయ్యాయి, రేకు మీదికి వచ్చేసరికి జరపాల్సి వచ్చింది. కారణం రిబ్బులు. పైకప్పును మోసే ఈ ఇనుప ఆర్చులు బస్సు బోల్తా పడితే మనుషుల మీద కప్పు కూలకుండా కాపాడేవి. వాటిని కోయకూడదు. ఎంత చిన్నగా అయినా కోయకూడదు.

లోపలి రివెట్ల వరుస చూస్తే రిబ్ ఎక్కడుందో తెలుస్తుంది. రేకు కూడా ఇనుమే కాబట్టి అయస్కాంతం అంతటా అంటుకుంటుంది, కానీ రిబ్ ఉన్నచోట పట్టు గట్టిగా ఉంటుంది. రెండూ సరిచూశాక రిబ్బుల మధ్య దూరం 70 సెం.మీ. అని తేలింది. ఫ్యాన్‌కు కావలసింది 35.6, అంచు పట్టీతో కలిపి 41. సరిగ్గా మధ్యలో పెడితే రెండు పక్కలా స్థలం మిగులుతుంది.

చోటు ఖాయం చేసే ముందు చూడాల్సిన ఇంకో మూడు:

1. పాత లైట్ల వైర్లు. రెండు రేకుల మధ్య నుంచే పోతుంటాయి. ఒక లైటు విప్పి వైరు ఎటు పోతోందో చూసుకోవాలి.
2. సోలార్ ప్యానెల్. మూత తెరిస్తే దాని నీడ ప్యానెల్ మీద పడకూడదు.
3. మూత తెరుచుకునే వైపు. బిజాగిరీ బస్సు ముందు వైపు, నోరు వెనక వైపు ఉండాలి. తిరగేసి పెడితే ప్రయాణంలో ఎదురుగాలి మూతను ఎత్తేస్తుంది.

రెండో దశ: కోత

రెండు రేకులనూ ఒకేసారి కోయాలని చూస్తే బ్లేడ్లు విరిగాయి. రేకుల మధ్య ఖాళీ 40 మి.మీ. ఉంది. పొడవాటి బ్లేడు కొన కింది రేకుకు తగిలి వంగుతోంది, తర్వాత పుటుక్కున విరుగుతోంది. పైరేకు విడిగా, లోపలి రేకు విడిగా పొట్టి బ్లేడుతో కోశాక పని సాఫీగా సాగింది.

1. లోపల మధ్య బిందువు గుర్తుపెట్టి 3 మి.మీ. బిట్‌తో పైదాకా రంధ్రం వేయాలి.
2. పైన ఆ రంధ్రం చుట్టూ 356 మి.మీ. చదరం గీయాలి. రెండు కర్ణాలూ 503 మి.మీ. వస్తే చదరం సరిగ్గా ఉన్నట్టు.
3. నాలుగు మూలల్లో 12 మి.మీ. రంధ్రాలు.
4. గీత పక్కన రంగు చెక్కుకుపోకుండా మాస్కింగ్ టేపు.
5. జిగ్‌సాలో (చేతితో పట్టే కరెంటు రంపం) అంగుళానికి 24 పళ్ల లోహపు బ్లేడు, తక్కువ వేగం.
6. నాలుగో వైపు కోసే ముందు ముక్కకు అడ్డంగా చెక్క పట్టీ స్క్రూ చేయాలి. లేకపోతే చివరి అంగుళంలో ముక్క వేలాడి బ్లేడును బిగబట్టేస్తుంది.
7. అంచులు ఆకురాయితో నున్నగా చేసి, తుప్పు పట్టకుండా ప్రైమర్ రెండు కోట్లు.

ఇనుప రజను గురించి విడిగా చెప్పాలి. కోసేటప్పుడు కింద దుప్పటి పరిచినా పైకప్పు మీద సన్నటి రజను మిగిలిపోతుంది. రాత్రి మంచు పడి తెల్లారేసరికి ఒక్కో రేణువు చుట్టూ నారింజ రంగు చుక్క. రంగు మీద పడిన ఆ మరకలు రుద్దినా పూర్తిగా పోవు. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పైకప్పంతా తిప్పడం, తర్వాత కవర్ తిరగేసి రజను పారేయడం మంచి పద్ధతి. రెండో రంధ్రానికి ఇలాగే చేస్తే ఒక్క మరకా రాలేదు.

మూడో దశ: వంపు

ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. ఫ్యాన్ అంచు పట్టీ బల్లపరుపుగా ఉంటుంది, బస్సు పైకప్పు వంపు తిరిగి ఉంటుంది. పట్టీని పెట్టి చూస్తే మధ్యలో తగులుతోంది, ఎడమ కుడి అంచుల దగ్గర 8 మి.మీ. ఖాళీ. స్క్రూలు బిగించి ఆ ఖాళీ మూసేద్దామంటే ప్లాస్టిక్ పట్టీ వంగిపోతుంది. పట్టీ వంగితే చట్రం మెలిక పడి మూత సరిగా మూసుకోదు.

బ్యూటైల్ టేపును (సందులు మూసే జిగురు రబ్బరు పట్టీ) పొరల మీద పొరలుగా వేసి ఖాళీ నింపడం మొదటి పద్ధతి. బిగించిన రోజు చూడ్డానికి బాగానే ఉంది. ఎండకు పైకప్పు 60 దాటగానే టేపు మెత్తబడి పక్కలకు కారింది, స్క్రూలు వదులయ్యాయి. ఒక పొర టేపు మంచి సీలు. నాలుగు పొరలైతే అది సీలు కాదు, జారే మెత్త.

తర్వాత గట్టి ప్లాస్టిక్ కటింగ్ బోర్డును వంపుకు తగ్గట్టు కోసి రింగు చేశాను. ఆకారం చక్కగా కుదిరింది. కానీ అది పాలిథిలీన్. పాలియురేతేన్ సీలెంట్ దానికి పట్టదు. ఆరాక గోరుతో లాగితే మీగడలా పొర మొత్తం లేచి వచ్చేసింది.

నిలబడింది పీవీసీ బోర్డు. చేసిన తీరు:

1. 18 మి.మీ. పీవీసీ బోర్డులో 356 లోపలి కొలత, 420 బయటి కొలతతో చదరపు రింగు.
2. రింగును పైకప్పు మీద రంధ్రం చుట్టూ పెట్టి, చిన్న చెక్క ముక్కకు పెన్సిల్ కట్టి రేకు మీద జరుపుతూ వంపును రింగు పక్కల మీద గీయడం.
3. గీత దాకా రంపంతో కోసి, మిగిలింది పైకప్పు మీదే 60 నంబర్ ఇసుక కాగితం పరిచి రింగును దాని మీద రుద్దడం. వంపు దానంతటదే కుదురుతుంది.
4. రేకు, రింగు రెండూ గరుకు చేసి, తుడిచి, సీలెంట్‌కు సరిపడే ప్రైమర్ పూసి, పాలియురేతేన్ సీలెంట్‌తో అతికించడం.
5. లోపల అదే కొలతకు చెక్క చట్రం. స్టెయిన్‌లెస్ బోల్టులు పైనుంచి రింగు, రేకు గుండా వచ్చి ఈ చట్రంలో బిగుస్తాయి. రేకు మధ్యలో నలిగి గట్టిగా ఉంటుంది, ఫ్యాన్ తిరిగేటప్పుడు దడదడ చప్పుడు రాదు.
6. రింగు మీద ఒకే పొర బ్యూటైల్ టేపు, దాని మీద ఫ్యాన్ పట్టీ. స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించడం.
7. ఒకరోజు ఎండ తగిలాక మళ్లీ బిగించి, స్క్రూ తలలన్నిటి మీదా సీలెంట్.

ఈ సీలెంట్ గాలిలో తేమను తీసుకుని ఆరుతుంది, రోజుకు సుమారు 3 నుంచి 4 మి.మీ. మందం. పైన చెయ్యి పెడితే ఆరినట్టే ఉంటుంది కానీ లోపల పచ్చిగానే ఉంటుంది. రింగు కింద ఉన్నదానికి నాలుగైదు రోజులు ఇవ్వాలి. సిలికాన్ మాత్రం వద్దు. దాని మీద తర్వాత రంగు పట్టదు, వేరే సీలెంటూ పట్టదు. లీకు వస్తే మొత్తం గీకి తీయాల్సిందే.

*ఇప్పటిదాకా లెక్క: రంధ్రం 1, రింగు రకాలు 3 (నిలిచింది 1), పైకప్పు మీద పెరిగిన బరువు 8 కిలోలు.*

నాలుగో దశ: నీళ్ల పరీక్ష

పైపుతో నీళ్లు పట్టేటప్పుడు పై నుంచి మొదలుపెట్టకూడదు. కింది అంచు దగ్గర పది నిమిషాలు, తర్వాత పక్కలు, చివర పైన. అప్పుడే లీకు ఏ ఎత్తులో మొదలైందో తెలుస్తుంది.

కింది అంచు, పక్కలు పొడిగా ఉన్నాయి. ముందు వైపు నీళ్లు పట్టగానే లోపలి నుంచి తమ్ముడు అరిచాడు: "అన్నా, ఎడమ మూలలో చుక్క పడుతోంది!" చూస్తే సీలెంట్ అంచు చెక్కుచెదరలేదు. రింగును పీకేసే ముందు ఒక పని చేశాం. లోపలి రేకు కోసిన అంచు నుంచి రెండు రేకుల మధ్యకు, పైరేకు అడుగు భాగానికి సుద్దపొడి అద్ది మళ్లీ నీళ్లు పట్టాం. పొడిలో సన్నటి తడి గీత ఏర్పడింది. అది రింగు వైపు నుంచి రావడం లేదు, రంధ్రానికి 30 సెం.మీ. ముందున్న పాత రివెట్ నుంచి వస్తోంది. ఎప్పటినుంచో కారుతున్న రివెట్ అది. ఇన్నాళ్లూ ఆ నీళ్లు ఇన్సులేషన్‌లో ఇంకిపోయేవి, ఇప్పుడు రంధ్రం దొరికేసరికి బయటపడ్డాయి.

ఆ వరుసలోని రివెట్లన్నిటినీ వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, ప్రైమర్, సీలెంట్ వేశాం. తడిసిన ఇన్సులేషన్ తీసేశాం. ఫ్యాన్ పక్కన చుక్క కనబడగానే ఫ్యాన్‌నే అనుమానించకండి. నీరు రెండు రేకుల మధ్య ఎంత దూరమైనా పాకుతుంది.

ఐదో దశ: వైరింగ్

ఫ్యాన్ పూర్తి వేగంలో 4 ఆంపియర్లు తీసుకుంటోంది. బ్యాటరీ నుంచి వెనక ఫ్యాన్‌కు వైరు దారి 8 మీటర్లు, పోను రాను 16. ఇంట్లో వాడే 230 వోల్టుల లెక్కలో 4 ఆంపియర్లకు 1.5 చదరపు మి.మీ. (చ.మి.మీ.) వైరు ధారాళంగా సరిపోతుంది. 12 వోల్టుల దగ్గర సరిపోదు:

- 1.5 చ.మి.మీ.: 0.73 వోల్టు నష్టం, 6 శాతం
- 2.5 చ.మి.మీ.: 0.44 వోల్టు, 3.7 శాతం
- 4 చ.మి.మీ.: 0.28 వోల్టు, 2.3 శాతం

ముందు 1.5 తోనే వేసి చూశాం. బ్యాటరీ దగ్గర 12.8 ఉంటే ఫ్యాన్ దగ్గర 12.0 వచ్చింది. 4 చ.మి.మీ. వేశాక 12.5. వేగంలో తేడా చెవికే తెలిసింది. నెగటివ్ వైరును బస్సు బాడీకి కలపకుండా ఫ్యూజ్ బాక్స్ దాకా వెనక్కి తెచ్చాం. తుప్పు పట్టిన బాడీ జాయింట్ల మీద ఆధారపడితే ఆరునెలలకో టెన్షన్. ఒక్కో ఫ్యాన్‌కు విడిగా 7.5 ఆంపియర్ల ఫ్యూజ్. రేకు గుండా వైరు దూరే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్, అంటే అంచు వైరును కోయకుండా కాపాడే రింగు.

ఆరో దశ: గాలి ఎటు నుంచి వస్తోంది

ఫ్యాన్ తిరిగింది, కిటికీలన్నీ తెరిచాం, మధ్యాహ్నం మంచం దగ్గర 41 డిగ్రీలు. 43 నుంచి 41. ఇంత పనికి రెండు డిగ్రీలేనా అని ఫ్యాన్ మార్చేద్దామనుకునే దశ ఇదే. ఫ్యాన్ జోలికి వెళ్లకండి, గాలి దారి చూడండి.

అగరుబత్తి వెలిగించి ఒక్కో కిటికీ దగ్గర పట్టుకున్నాను. ఫ్యాన్ పక్క కిటికీ దగ్గర పొగ నేరుగా ఫ్యాన్‌లోకి దూసుకుపోతోంది. నాలుగు మీటర్ల అవతల కిటికీ దగ్గర నిటారుగా లేస్తోంది, కదలిక లేదు. అంటే ఫ్యాన్ పక్క కిటికీ గాలినే లాగి బయటికి పారేస్తోంది, బస్సు మధ్యలో గాలి అలాగే నిలబడి ఉంది.

ఫ్యాన్ దగ్గరి కిటికీలన్నీ మూసి, బస్సు ముందు భాగంలో నీడ వైపున్న ఒక్క కిటికీ మాత్రం తెరిచాం. ఆ తెరిచే సైజు మార్చి కొలిచిన అంకెలు:

- 30 × 10 సెం.మీ.: గాలి వేగం సెకనుకు 5.2 మీటర్లు, నిమిషానికి 9.4 ఘనపు మీటర్లు. ఈల శబ్దం.
- 30 × 40 సెం.మీ.: వేగం 2.1, నిమిషానికి 15.1 ఘనపు మీటర్లు.

ఫ్యాన్ రంధ్రం వైశాల్యం 0.127 చదరపు మీటర్లు, రెండో కొలతలో కిటికీ 0.12. రెండూ దాదాపు సమానం. లోపలికి వచ్చే దారి ఫ్యాన్ నోటి కంటే చిన్నదైతే ఫ్యాన్ ఊపిరాడక అరుస్తుంది, గాలి రాదు. బస్సులో గాలి మొత్తం ఇప్పుడు రెండు నిమిషాల చిల్లరకు ఒకసారి మారుతోంది. మంచం దగ్గర 38.5. ఫ్యాన్ మారలేదు, కరెంటు మారలేదు, తెరిచిన కిటికీ ఒక్కటే మారింది.

కంపెనీ కాగితాల మీద రాసే గాలి లెక్క అడ్డంకి లేని స్థితిలోది. ఫ్యాన్ కింది జల్లెడ, మూత, కిటికీ అన్నీ కలిశాక అంత రాదు. సొంతంగా కొలిచిన అంకెతోనే ముందుకు వెళ్లాలి.

ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి. అన్నీ మూసేసి ఫ్యాన్‌ను బయటికి లాగే దిశలో నడపకూడదు. గాలి ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి వస్తుంది. గ్యాస్ హీటర్ పొగ గొట్టం నుంచి విషవాయువు వెనక్కి రావచ్చు, ఇంజిన్ నడుస్తుంటే సైలెన్సర్ పొగ వెనక సందుల్లోంచి లోపలికి రావచ్చు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. మంచం దగ్గర దాని అలారం పెట్టాకే మేం రాత్రి ఫ్యాన్ వేశాం.

ఏడో దశ: రెండో ఫ్యాన్

వెనక ఫ్యాన్ బయటికి లాగాలి, ముందు ఫ్యాన్ లోపలికి తోయాలి. అందరూ చెప్పే అమరిక ఇదే. మధ్యాహ్నం ఇది నష్టమే. ముందు ఫ్యాన్ నోటి దగ్గర లోపలికి వస్తున్న గాలి 39.5 ఉంది, నీడలో బయటి గాలి 36 మాత్రమే. 64 డిగ్రీల రేకును ఆనుకుని ఉన్న వేడి గాలినే అది లోపలికి తోస్తోంది. అంతకంటే నీడవైపు కిటికీ ఎంతో నయం.

రెండు ఫ్యాన్లనూ బయటికి లాగేలా పెట్టి చూశాం. ఒక్క కిటికీతో వేగం 2.1 నుంచి 2.9కి పెరిగింది, అంటే నిమిషానికి 20.9. ఫ్యాన్ రెట్టింపైనా గాలి రెట్టింపు కాలేదు. నీడవైపు అదే సైజు కిటికీ ఇంకోటి తెరిచాక ఒక్కో దాంట్లో 1.9, మొత్తం 27.4.

చివరికి కుదిరింది ఇలా:

1. మధ్యాహ్నం వెనక ఫ్యాన్ ఒక్కటే బయటికి. ముందు ఫ్యాన్ ఆపి మూత మూసేయాలి. తెరిచి ఉంచితే వెనక ఫ్యాన్ దాని గుండా వేడి గాలి లాగుతుంది.
2. వంట సమయంలో ముందు ఫ్యాన్ బయటికి, పొయ్యి అవతలి కిటికీ తెరిచి.
3. రాత్రి ముందు ఫ్యాన్ లోపలికి, వెనకది బయటికి, రెండూ సగం వేగంలో. చీకటి పడ్డాక రేకు ఆకాశానికి వేడిని వదిలి చల్లబడుతుంది, అప్పుడు పైనుంచి వచ్చే గాలి మంచిదే.

సగం వేగం గురించి: ఫ్యాన్ వేగం సగమైతే గాలి సగమవుతుంది, తీసుకునే శక్తి మాత్రం సిద్ధాంతం ప్రకారం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మోటారు, బోర్డు నష్టాలు కలిపి మీటరులో 0.9 ఆంపియర్ చూపించింది.

*ఇప్పటిదాకా లెక్క: రోజుకు వెనక ఫ్యాన్ 29 ఆంపియర్ అవర్లు (ఆంపియర్లను గంటలతో గుణిస్తే వచ్చే బ్యాటరీ వాడకం), ముందు ఫ్యాన్ 11, మొత్తం 40. మంచం దగ్గర 43 నుంచి 38.5.*

ఎనిమిదో దశ: తెల్ల రంగు

ఇక్కడ చిన్న లెక్క పనికొచ్చింది. నిమిషానికి 15 ఘనపు మీటర్ల గాలి ఒక్క డిగ్రీ వేడెక్కి బయటికి పోతే, దాంతో పాటు సుమారు 290 వాట్ల వేడి పోతుంది. ఫ్యాన్ నోటి దగ్గర గాలి 42 ఉంది, బయట 36. ఆరు డిగ్రీలు, అంటే 1,740 వాట్లు. ఎండ లోపలికి పంపుతున్న వేడిని ఫ్యాన్ మోసి పారేస్తోంది. ఇంకా పెద్ద ఫ్యాన్ పెట్టే బదులు, ఆ వేడిని లోపలికి రానివ్వకపోతే?

ముదురు రంగు పైకప్పు కడిగి, తెల్లటి ఎలాస్టోమెరిక్ (రబ్బరులా సాగే) కోటింగ్ రెండు కోట్లు వేశాం. బయట మళ్లీ 36 ఉన్న రోజు కొలిస్తే బయటి రేకు 46, సీలింగ్ 41, ఫ్యాన్ నోటి దగ్గర 39, మంచం దగ్గర 37. తీసేయాల్సిన వేడి 1,740 నుంచి 870 వాట్లకు, సగానికి దిగింది.

ఇప్పుడు మధ్యాహ్నం ఫ్యాన్‌ను 70 శాతం వేగానికి తగ్గించాం. 1.7 ఆంపియర్లు, మంచం దగ్గర 38. శబ్దం బాగా తగ్గింది, మాటలు వినబడుతున్నాయి.

*ఇప్పటిదాకా లెక్క: రోజుకు మొత్తం 29 ఆంపియర్ అవర్లు.*

మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తే రంగే ముందు వేస్తాను. తర్వాత ఒక ఫ్యాన్ బిగించి కొలుస్తాను, రెండోది కావాలో లేదో అప్పుడు చూస్తాను. దుమ్ము పడితే తెలుపు మసకబారుతుంది కాబట్టి పైకప్పు అప్పుడప్పుడు కడగాలి.

మిగిలిన పని: దోమతెర

కిటికీకి దోమతెర వేయగానే గాలి వేగం 2.1 నుంచి 1.5కి పడిపోయింది, నిమిషానికి 10.8. దాదాపు మూడో వంతు గాలి తెర దగ్గరే ఆగిపోతోంది. తెర తీసేయడం కుదరదు. అందుకే తెరను కిటికీకి అంటించకుండా, బయటికి 12 సెం.మీ. పొడుచుకొచ్చే పెట్టెలా అల్యూమినియం చట్రానికి బిగించాం. పైభాగం వానకు రేకు, ఎదురుగా, రెండు పక్కలా, అడుగున తెర. తెర వైశాల్యం 0.12 నుంచి 0.25 చదరపు మీటర్లకు పెరిగింది. కిటికీలో వేగం 1.9కి వచ్చింది, నిమిషానికి 13.7.

ఇదే పెట్టె రెండో కిటికీకి కూడా చేయాలి. ఫ్యాన్ కింద ఉండే జల్లెడను నెలకోసారి విప్పి సబ్బు నీళ్లతో కడగాలి. వంట జిడ్డు పట్టిన ముందు ఫ్యాన్ జల్లెడకు నెల కూడా ఎక్కువే, కన్నాలు పూడుకుపోవడం కంటికే కనబడుతుంది.